ఎడమ భుజం, అర అంగుళం

"ఈ కాగితం రాసిన మనిషిని ఒకసారి చూడాలండీ," అంది ఆ అమ్మాయి, చేతిలో కత్తెర దించకుండానే.

ఆ మనిషి ఆమె ఎదురుగానే ఉన్నాడు. భుజాన గుడ్డ సంచి, చేతిలో జిగురు డబ్బా, మొహానికి మాస్కు. ఆ మనిషిని నేనే. కత్తెర వైపు చూసి, ఆ సంగతి వెంటనే చెప్పలేకపోయాను.

"పైనుంచి వస్తాయండీ. నేను అంటించేవాణ్ణే. రెండు వారాల కిందట అంటించింది ఊడిందని మళ్లీ వచ్చాను."

అది సగమే నిజం. జబ్బు భయంతో నాలుగు నెలలు మూతపడ్డ షాపుల్ని వార్డు ఆఫీసు ఒక్కొక్కటిగా తెరిపిస్తోంది. పై ఆఫీసు నుంచి వచ్చే మార్గదర్శకాలు ఇరవై పేజీలుంటాయి. వాటిని ఒక్క పేజీకి కుదించి, అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసి, మా వార్డులో షాపు షాపుకీ అంటించడం నా ఉద్యోగం. దర్జీల నోటీసులో నాలుగో నియమం ఇది: "మనిషికి టేపు పెట్టి కొలతలు తీసుకోరాదు. ఆది బట్టలతోనే కుట్టాలి."

"ఆ రాసినాయనకి పిల్లలున్నారా?" అంది.

"లేరనుకుంటాను."

"పెళ్లయిందా?"

"అదీ కాలేదనుకుంటాను."

"అదే మరి." కత్తెరతో వెనక కొక్కేలకి వేలాడుతున్న చొక్కాల్ని చూపించింది. "ఈ వారంలో ఏడు వెనక్కొచ్చాయి. జనం నాలుగు నెలలు ఇళ్లలో కూర్చున్నారు. పిల్లలు పొడుగయ్యారు, వాళ్ల నాన్నలు లావయ్యారు. ఆది చొక్కా మాత్రం నిరుటిది. నిరుటి మనిషికి కుట్టిచ్చి, ఈ ఏటి మనిషిని తొడుక్కోమంటే ఎలాగండీ?"

ఇరవై పేజీల్లోనూ ఎవరూ లావవుతారని రాయలేదు.

"వాదించకే. పాపం, గోడకి కాగితం అంటించుకునే పిల్లాడు," అని లోపలి నుంచి ఒక గొంతు.

అది ఆమె నాన్నమ్మ. షాపు వాళ్లింటి ముందు గదే. అరవై అయిదు దాటినవాళ్లు పని చోటికి రాకూడదు, ఇంట్లోనే ఉండాలన్నది మూడో నియమం. అందుకని ఆవిడ కుర్చీ గడపకి అవతల ఉంది. కాళ్లు అవతల, చేతులు మాత్రం ఇవతల, చొక్కాకి కాజాలు కుడుతున్నాయి.

నేను ఆ చేతుల వైపు చూశాను.

"నేను ఇంట్లోనే ఉన్నాను నాయనా," అంది ఆవిడ, సూది ఆపకుండా.

అమ్మాయి నవ్వలేదు. "నెలాఖరు దాకా చూస్తానండీ. ఇలాగే ఉంటే తాతయ్య పెట్టిన ఈ షాపు ఎత్తేసి, పక్క వార్డులో మామయ్య దగ్గర మిషను తొక్కుకుంటాను. ఆ రాసినాయనకి చెప్పండి."

"చెప్తాను."

"ఊరికే చెప్పడం కాదు. మీ చొక్కా ఒకటి ఆది తెచ్చివ్వండి. దాన్నిబట్టే కుడతాను. మీకు సరిపోతే నోటీసు మీద ఇంకో మాటనను. సరిపోకపోతే, అది తొడుక్కుని వెళ్లి ఆయన ముందు నిలబడండి."

మర్నాడు తెల్ల చొక్కా ఒకటి కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. షాపు ముందు మేము వేయించిన గుండ్రటి గీతలో నిలబడి, పొట్లాన్ని బల్ల మీదకి జరిపాను. ఆమె దాన్ని విప్పి బల్ల మీద పరిచింది. అరచేత్తో ఒకసారి నిమిరింది. కాలరు చూసింది. రెండు భుజాలూ కలిపి పట్టుకుని వెలుతురుకి ఎత్తింది.

"ఇది మీది కాదు," అంది.

"నాదేనండీ. రోజూ వేసుకుంటాను."

"వేసుకుంటున్నారేమో. మీది కాదు. ఈ మనిషి మీకంటే పొడుగు. ఎడమ భుజం అర అంగుళం దిగి ఉంటుంది. కుట్టినవాళ్లెవరో పని తెలిసినవాళ్లే, దానికి తగ్గట్టు కుట్టారు. ఏళ్ల తరబడి ఆ భుజానికి సంచి మోసిన మనిషి. ఎవరీయన?"

"మా నాన్న. బస్సు కండక్టరు."

"చూశారా." మొదటిసారి ఆమె కళ్లు మాస్కు పైన నవ్వాయి. "అయితే పందెం ఆయనతోనే వేసుకుంటాను. మీ నాన్నగారిని రమ్మనండి. ఆ గీతలో నిలబెట్టి కళ్లతోనే కొలుస్తాను, టేపు ముట్టుకోను."

"రాలేరండీ."

"నడవలేరా? పోనీ నేనే..."

"అమ్మాయ్," అంది నాన్నమ్మ గడప అవతలి నుంచి. "చొక్కా మడిచి ఇవ్వు."

ఆమె నాన్నమ్మ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. చొక్కాని నాలుగు మడతలు పెట్టి, చేతులు లోపలికి మడిచి, తెచ్చిన కాగితంలోనే చుట్టి, రెండు చేతులతో ఇచ్చింది.

"ఎప్పుడండీ?" అంది మెల్లిగా.

"అన్నీ మూసేసిన మొదటి వారాల్లోనే."

నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆయన చొక్కాలే వేసుకుంటున్నాను. ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఆ తర్వాత ఆ వీధిలో నాకు రోజూ ఏదో ఒక పని పడేది. చేతులు కడుక్కునే నీళ్లు పెట్టారా లేదా చూడాలి. గీతలు చెరిగాయేమో చూడాలి. ఆమె నన్ను 'నోటీసు గారూ' అని పిలవడం మొదలుపెట్టింది. నాన్నమ్మ 'పిల్లాడు' అనడం మానలేదు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టి గీతలన్నీ కడిగేసింది. నేను వెళ్లేసరికి ఆమె వంగి, బట్టల మీద గీసే నీలం సుద్దతో చూరు కింద కొత్త సున్నా చుడుతోంది. వెళ్లి అందులో నిలబడ్డాను. బల్ల చాలా దగ్గరగా అనిపించింది.

"ఇది ఆరడుగులేనా?"

"ఆరే."

"నాలుగున్నర ఉంటుందేమో."

"టేపు వాడకూడదని మీరేగా నోటీసు పెట్టారు. కంటి అంచనాకి ఆరడుగులే వచ్చింది."

"మీ కంటి అంచనా అర అంగుళం కూడా తప్పదని విన్నాను."

"మనిషిని బట్టి ఉంటుందండీ," అంది, సుద్ద చేతులు దులుపుకుంటూ.

చూరు మీంచి నీళ్లు నా వీపు మీద పడుతున్నాయి. నేను కదల్లేదు. ఆ సున్నా బయట అడుగు పెట్టడం నియమాలకు విరుద్ధం.

నెలాఖరు ఇంకా వారం ఉందనగా, నేను వెళ్లేసరికి రెండు మిషన్లలో ఒకదానికి గుడ్డ కప్పి తాడు కట్టి ఉంది. ఆమె కళ్లలో నవ్వు లేదు.

"నిన్న మామయ్య షాపుకెళ్లాను. అక్కడ మనుషులకి టేపు పెట్టి కొలుస్తున్నారు. మాస్కు పెట్టుకుని, వెనక నిలబడి, గబగబా కొలిచేస్తున్నారు. అక్కడి నోటీసులో అలాగే ఉంది. రెండు వార్డులకీ పై ఆఫీసు ఒకటే కదండీ?"

"ఒకటే."

"మరి వాళ్లకో నియమం, మాకో నియమమా?"

ఎన్నో రోజులుగా గొంతులో ఉన్న మాట అప్పుడు చెప్పాను. "ఆ నాలుగో నియమం పైనుంచి రాలేదండీ. దగ్గరగా నిలబడి చేసే పనిని పదిహేను నిమిషాల్లో ముగించమన్నారు. చేయొద్దనలేదు. చేయకూడదని రాసింది నేను."

ఆమె మిషను మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది.

"ఎందుకు?"

"నాన్నకి ఎక్కడ అంటుకుందో మాకు తెలియదు. బస్సులోనో, మందుల షాపులోనో, క్షవరం చేయించుకున్న చోటో. తెలిసుంటే ఆ ఒక్క చోటే భయపడేవాణ్ణి. తెలియలేదు కాబట్టి అన్ని చోట్లా భయపడ్డాను. కాగితం నా చేతిలో ఉంది. రాసేశాను."

నాన్నమ్మ సూది ఆగింది.

"మీ నాన్నగారి గురించి నాకు బాధగానే ఉందండీ," అంది ఆ అమ్మాయి. "కానీ ఏడు చొక్కాలు వెనక్కొచ్చినప్పుడు, నాకే పని సరిగ్గా రాదేమో అనుకున్నాను. రాత్రిళ్లు విప్పి మళ్లీ కుట్టాను. మీరు ఈ సున్నాలో నిలబడి రోజూ చూస్తూనే ఉన్నారు."

"అవును."

"వెళ్లి సరిచేసి రండి. అప్పటిదాకా ఇటు రావద్దు."

మా పెద్దసారు సంగతంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు రాసిన నోటీసులన్నీ చదవకుండానే సంతకం పెట్టానయ్యా. ఎందుకంటే నువ్వు మాట జారే మనిషివి కాదని."

"జారలేదు సార్. బిగించాను."

"ఇంకెక్కడ బిగించావు?"

"సెలూన్లు, కళ్లజోళ్ల షాపులు, దర్జీలు. మొత్తం పద్నాలుగు."

"పద్నాలుగూ నువ్వే తిరుగు. కాగితం అంటించి రావడం కాదు, తప్పు నాదని నోటితో చెప్పి రా. ఇకమీదట ప్రతి నోటీసూ నేను చదవాలి. నాకు పని పెంచావు."

కొత్త నోటీసుని పై ఆఫీసు మాటలకి ఒక్క మాట ఎక్కువ తక్కువ కాకుండా రాశాను. మాస్కులతో, వెనక నిలబడి, పదిహేను నిమిషాలు దాటకుండా కొలతలు తీసుకోవచ్చు. దగ్గరగా ఉన్నంతసేపూ మాటలు వీలైనంత తగ్గించాలి. ఆయన మూడుసార్లు చదివి సంతకం పెట్టాడు.

రెండు రోజులు తిరిగాను. కొందరు తిట్టారు, కొందరు మంచినీళ్లిచ్చి తిట్టారు. సెలూనాయన మాత్రం తిట్టకుండా కుర్చీ దులిపాడు. "కూర్చోండి. మీ నోటీసు ఎన్నాళ్లుందో మీ జుట్టు చూస్తేనే తెలుస్తోంది."

పదమూడు షాపులయ్యాయి. పద్నాలుగోది మర్నాటికి ఉంచుకుని ఇంటికి వెళ్లాను. అమ్మకి అంతా చెప్పాను. అమ్మ బీరువా తెరిచి, అడుగునుంచి మడత విప్పని చొక్కా గుడ్డ ఒకటి తీసింది. లేత బూడిద రంగు, సన్నటి గీతలు.

"మీ నాన్న కొనుక్కున్నది. కుట్టించుకుంటా, కుట్టించుకుంటా అని రెండేళ్లు గడిపారు. తీసుకెళ్లు."

"నాకెందుకమ్మా, ఆయన చొక్కాలున్నాయిగా."

"వాటి చేతులు నీ వేళ్ల దాకా వస్తున్నాయిరా. చెప్తే బాధపడతావని ఊరుకున్నాను." గుడ్డ నా చేతిలో పెట్టి అడిగింది. "ఆ అమ్మాయి ఎలా ఉంటుంది?"

"మాస్కు ఉంటుందమ్మా. కళ్లే చూశాను."

"చాలులే," అంది అమ్మ. చాలా రోజుల తర్వాత అమ్మ మొహంలో నవ్వు చూశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పాత నోటీసు గీకేసి కొత్తది అంటించాను. ఆమె బయటికొచ్చి చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో మీ సొంత మాట ఎక్కడైనా ఉందా?"

"ఒక్కటీ లేదండీ."

"తప్పెవరిది?"

"నాది."

"ఇంకోసారి చెప్పించవే, నాకు సరిగ్గా వినపళ్లేదు," అంది నాన్నమ్మ.

"తప్పు నాదేనండీ," అన్నాను గడప వైపు తిరిగి.

అమ్మాయి పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆ సున్నా దాటి ఆ షాపులోకి అడుగుపెట్టడం నాకదే మొదటిసారి. మిషను మీద తాడు ఇంకా అలాగే ఉంది. గుడ్డ బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని నిమిరి చూసి, ఎవరిదని అడగలేదు. మెడలోంచి టేపు తీసింది.

"అటు తిరగండి. మాటలు వద్దు."

"వద్దని లేదండీ, తగ్గించాలని..."

"నా షాపులో వద్దనే."

తిరిగి నిలబడ్డాను. మెడ వెనక టేపు చల్లగా తగిలింది. తర్వాత వేలి కొన, వెచ్చగా. భుజాలు కొలిచింది. చేతి పొడవు కొలిచింది. మళ్లీ భుజాల దగ్గరికొచ్చి ఎడమ వైపు ఆగింది. ఇంకోసారి కొలిచింది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

తర్వాత ముందుకొచ్చి చీటీ ఒకటి బల్ల మీద పెట్టింది. వరసగా అంకెలు. అన్నిటికంటే కింద: "ఎడమ భుజం, అర అంగుళం దిగువ."

నోరు తెరవబోయాను. ఆమె మాస్కు మీద వేలు పెట్టింది. పెన్సిలు అందుకుని రాశాను: "అది నాన్నది."

ఆమె నా సంచి వైపు చూపించి రాసింది: "ఇప్పుడు మీది కూడా. రెండుసార్లు చూశాను."

జబ్బు మొదలైన దగ్గర్నుంచీ రోజూ వార్డు కాగితాలు మోసిన సంచి అది. ఆ చిన్న వాక్యాన్ని చాలాసార్లు చదివాను. నాన్న చొక్కాల్లో నేను ఇన్నాళ్లూ వెతుక్కుంటున్నది నా భుజం మీదే ఉందని నాకు తెలియలేదు. టేపు పెట్టినవాళ్లు చెబితే తప్ప తెలిసేది కాదు.

చీటీ తిప్పి, మాటలు ఏరుకుని రాశాను: "మనిషి ఏటేటా మారతాడని మీరే అన్నారు. ప్రతి ఏడాదీ మీరే కొలవాలి. ఒప్పుకుంటారా?"

ఆమె చదివింది. మాస్కు పైన ఉన్న కాస్త మొహమూ ఎర్రబడింది. వెళ్లి మిషనుకి కట్టిన తాడు విప్పి పక్కన పడేసింది. వచ్చి కూర్చుని, మిగిలిన కాస్త చోటులో సన్నగా రాసింది: "ఒక షరతు. నాకు చూపించకుండా ఏ నోటీసూ అంటించకూడదు."

కింద సంతకం పెట్టాను.

"పదిహేను నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి," అంది నాన్నమ్మ. "ఇంతసేపు రాసుకోవచ్చని నోటీసులో ఉందా నాయనా?"

"రాయకూడదని లేదండీ."

"అయితే కానివ్వండి," అని ఆవిడ తన కుర్చీని అడుగు వెనక్కి జరుపుకుంది. ఈసారి చేతులు కూడా గడప అవతలికి తీసుకుంది. "నేను ఇంట్లోనే ఉన్నాను. నాకేమీ కనపడదు."