సిస్టర్ దేవకుమారి

"చూడు వదినా, నీ కళ్ళతో నువ్వే చూడు! తర్వాత డెబోరా చాడీలు చెప్పిందని నన్ననొద్దు!"

డెబోరా తన ఫోను తెచ్చి దేవకుమారి ముఖం ముందు పెట్టింది. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఊళ్ళో తెలుగు క్రైస్తవుల ఇంటి కూటాలకు డెబోరాయే పెద్ద. ఏ నెల ఎవరింట్లో కూటమో, ఎవరు పాట ఎత్తాలో ఆమె చెప్పాల్సిందే. ఫోటోలో బజారు మధ్య ఒక మఠకన్య నిలబడి ఉంది. నల్లటి అంగీ, తెల్లటి ముసుగు, సున్నం కొట్టినట్టు రంగు పూసిన ముఖం, రెప్పల మీద తళుకులు... వాటి కింద నల్లగా దువ్విన గడ్డం! రంగు ఎంత పూస్తేనేం, ఆ కళ్ళు ఎవరివో కన్నతల్లికి తెలియదా? తన కొడుకు ప్రెయిస్ కళ్ళు!

"మగోళ్ళని ప్రేమించే మగపిల్లలంతా ఒక గుంపంట వదినా. సిస్టర్ల వేషాలేసి ఊళ్ళో అందర్నీ నవ్విస్తారంట. శనివారం శనివారం హాల్లో దిక్కులేని ముసలోళ్ళకి టీలంట, బింగో ఆటలంట! అది సరే... ఒక్కొక్కళ్ళూ ఒక పేరు పెట్టుకుంటారంట, నవ్వులాటకి. మనోడు ఏం పెట్టుకున్నాడో తెలుసా? సిస్టర్ దేవకుమారి!"

దేవకుమారి చేతిలోని కప్పు జారి సింకులో పడింది.

"ఈ నెల కూటం మీ ఇంట్లో వద్దులే. పాస్టరు అయ్యగారు కూడా అదే అంటన్నారు..." అని, పోసిన టీ అయినా తాగకుండా డెబోరా వెళ్ళిపోయింది.

ఎంత అవమానం! భర్త ప్రసన్న కుమార్ జబ్బుపడి మంచం పట్టిన నాటి నుంచీ, ఆయన కన్నుమూశాక కూడా, నర్సింగ్ హోమ్‌లో పరాయి ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు! పోయిన క్రిస్మస్‌కి వాడు తన మనసు సంగతి చెప్పుకున్నాడు. "ఆ మాట ఇంకోసారి నా ఇంట్లో వినపడకూడదు!" అందామె. వినపడకుండానే వాడు బట్టలు సర్దుకుని, నది అవతల గది తీసుకున్నాడు. ఒకే ఊరు, మధ్యలో ఒక్క వంతెన. తల్లీ దాటలేదు, కొడుకూ దాటలేదు! అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. తన వంతు కూటం వస్తోందంటే చాలు, వారం ముందే అల్మరాలోంచి ప్లేట్లన్నీ దించి కడుక్కునేది పిచ్చితల్లి. ఇల్లు నిండా మనుషులుంటారని... ఇప్పుడు అదీ పోయింది. ఇల్లు ఖాళీ చేసింది చాలక వాడు తల్లి పేరు కూడా బజారుకెక్కించాడు! అందరి ముందూ ఆ ముసుగు లాగి పారేయాలనుకుంది. శనివారం మధ్యాహ్నం మంచి చీర కట్టి, పైన కోటు తొడుక్కుని, వంతెన దాటింది.

ఆ టీలు పోసే హాలు గుమ్మంలోనే ఒక ముసుగు ఎదురొచ్చింది. మీరే చెప్పండమ్మా, చిన్నప్పుడు గుంటూరులో సిస్టర్ల హాస్టల్లో పెరిగిన ఆడది ముసుగు కనబడితే ఏం చేస్తుంది? పోట్లాటకు వచ్చిన సంగతే మరిచిపోయింది. చేతులు జోడించి, తల వంచి, "వందనాలు సిస్టర్!" అనేసింది. తలెత్తితే ఎదురుగా ఆరడుగుల ఐరిష్ మగమనిషి, పెదవులకి రంగు! ఆయన నవ్వలేదు. మెల్లగా ఆమె తలమీద చెయ్యి పెట్టి, "నీ ఇంటికి వచ్చినట్టే అనుకో తల్లీ" అని ఇంగ్లీషులో చెప్పి కుర్చీ చూపించాడు. తలమీద ఒక మనిషి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో... ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

పక్క కుర్చీలో బ్రీడా అనే ముసలామె కూర్చుంది. ఎవరితోనైనా మాట్లాడదామని ఎదురు చూస్తున్నదానిలా వెంటనే అందుకుంది.

"నువ్వు మా సిస్టర్ దేవకుమారిని చూశావా? బంగారం! గురువారం గురువారం మా ఇంటికి వస్తుంది. కొబ్బరినూనె వెచ్చబెట్టి తలకి రాస్తుంది. కాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాకే గోళ్ళు తీస్తుంది. నా పిల్లలు డబ్లిన్ నుంచి ఫోన్ చేస్తారు, అంతే... ఇంతకీ నీ పేరేంటి?"

వెచ్చటి నూనె, వేడినీళ్ళు... మంచం పట్టిన భర్తకి దేవకుమారి చేసినవే! ఒక్కటీ తేడా లేదు!

"మామ్?"

టీ ట్రే పట్టుకుని ప్రెయిస్ ఎదురుగా నిలబడిపోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"నవ్వులాటకి నీకు నా పేరే దొరికిందంట్రా? కన్నందుకు ఇదా నువ్విచ్చే బహుమానం?"

"నవ్వులాటకి కాదు అమ్మా... నో." పిల్లాడి తెలుగు తడబడింది. "వాళ్ళు ఫస్ట్ డే అడిగారు. మనుషుల్ని ఎలా చూసుకోవాలో నీకు ఎవరు నేర్పారు అని. నేను నీ పేరు చెప్పాను, దట్స్ ఆల్. నువ్వు షిఫ్ట్ చేసి వచ్చి, కోటు కూడా తియ్యకుండా నాన్న కాళ్ళు పట్టేదానివి. ఎవరూ చూడలేదు. కూటం ఆంటీలు కూడా చూడలేదు. ఐ సా యూ, అమ్మా. నేను చూశాను."

ఇన్నేళ్ళలో ఆమె కష్టాన్ని చూశానన్న మనిషి వీడొక్కడే! వాడి తెల్లరంగు మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. కొంగుతో తుడవబోయింది. రంగు చెదిరిపోతుందేమోనని ఆగింది.

"ఇంటికి రారా నాన్నా... ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా!"

"వస్తాను. కానీ ఆ మాట ఇంట్లో అనొచ్చా అమ్మా? అందరి ముందూ?"

ఎంత చిన్న ప్రశ్న! డెబోరా, అయ్యగారు, పాటలు, ఇంటినిండా మనుషులు... అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆమె తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇట్స్ గ్రాండ్, మామ్" అన్నాడు. వాడి భాషలో దాని అర్థం ఫర్వాలేదని. కానీ ఫర్వా ఉందని ఆ గొంతే చెబుతోంది. కేటిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె వచ్చి మళ్ళీ బ్రీడా పక్కనే కూలబడింది. ఆవల టేబుల్ దగ్గర వాడు వంగి ఎవరికో టీ పోస్తున్నాడు.

"నీ పేరు చెప్పనేలేదు!" అంది బ్రీడా.

"దేవకుమారి."

"అయ్యో, మా సిస్టర్ పేరేనే!"

"ఆ సిస్టర్... నా కొడుకు."

"కొంచెం గట్టిగా చెప్పు తల్లీ, ఈ చెవి వినపడదు!"

ఈ మాట వంతెన దాటి సాయంత్రానికల్లా డెబోరా ఇంటికి చేరుతుందని దేవకుమారికి తెలుసు. ఇక ఆ ప్లేట్లు దించే పని ఉండదనీ తెలుసు. లేచి నిలబడింది.

"వాడు నా కొడుకు!" హాలంతా తిరిగి చూసింది. "మగవాళ్ళని ప్రేమించే పిల్లాడు. వాడు పెట్టుకున్న పేరు నాదే... నేనే ఇచ్చాను!"

అవతల కప్పు నిండి టీ పొర్లిపోతోంది. ప్రెయిస్ కేటిల్ ఎత్తడం మరిచిపోయాడు.