గుండుకు షాంపూ

ఆ ఉదయం తిరుత్తణి మురుగన్ కొండ మీద మబ్బు ముసుగుతన్ని పడుకుంది. వాన పడదు, ఎండ రాదు. మెట్లు దిగివచ్చే భక్తుల గుండ్ల మీద చందనం ఒక్కటే మెరుస్తోంది.

తమ లాడ్జి గుమ్మంలో గుణ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అతని అమ్మను చూడటానికి ఆరోజు సుగంధి వస్తానంది.

సుగంధి మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్. లాడ్జి గదుల్లో షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ చుట్టిన బుల్లి సబ్బులు పెట్టకూడదని కొత్త చట్టం వచ్చాక తనిఖీకి వచ్చి, మొదటిరోజే గుణను దులిపేసింది.

"ఇవన్నీ యాడికి పోతాయో తెలుసునా?"

"తెలీదు మేడం. మీరు చూపిస్తే వస్తా."

నిజంగానే చూపించింది. వాళ్ళ ప్రేమ చెత్తదిబ్బ దగ్గర మొదలైంది.

గోడలకు పెద్ద షాంపూ సీసాలు బిగించి, "ఇంక ఒక్క ప్యాకెట్టు లేదు, నా మాట నమ్ము," అన్నాడు గుణ. నమ్మి రిపోర్టు రాసింది. "అబద్ధమైతే నన్ను మరిచిపో," అని కూడా అంది.

ఇప్పుడతను వీధి చివర సుగంధి పొడుగాటి జడ కోసం వెతుకుతుంటే, గుండుతో ఒక పిల్ల పక్కనుంచే లోపలికి వెళ్ళింది.

"రా పాపా, రూము కావాల్నా? ఇంద, తలకు పోసుకో!" గుణ వాళ్ళమ్మ సెల్లమ్మ గొంతు.

గుణ గిరుక్కున తిరిగాడు. అమ్మ చేతిలో షాంపూ ప్యాకెట్టు! వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టందే ఆమెకు మర్యాద చేసినట్టుండదు. గుండుకు షాంపూ ఎందుకని కూడా తోచలేదు.

ఆ పిల్ల ఇటు తిరిగింది. సుగంధి! గుణ లోపలికి పరుగెత్తాడు.

"అమ్మా! అన్నీ పారేసినానంటివే?"

"వచ్చినోళ్ళకు ఒట్టి చేతులు చూపించమంటావా? ఎవర్రా ఈ పాప?"

"సుగంధి."

"అయ్యో మురుగా! మోకాళ్ళదాకా జడంటివే!"

"జడ మురుగన్‌కిచ్చినాను," అంది సుగంధి. "మా నాయన ఆపరేషనయ్యి లేచి కూర్చున్నాడు."

సెల్లమ్మ కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

"నా మాట పోయింది," అన్నాడు గుణ. "నోటీసు నా పేరు మీదనే రాయండి మేడం."

"మళ్ళీ మేడమా? నీకు తెలీదని నీ మొగం చూస్తేనే తెలస్తాంది." సుగంధి సెల్లమ్మ వైపు తిరిగింది. "నోటీసైతే రాస్తా. మిగిలినవి యాడ దాచినారో చూపించండి అత్తా."

సెల్లమ్మ నోరు తెరిచింది. నోటీసన్నందుకో, అత్తా అన్నందుకో ఆమెకే తెలియలేదు. బియ్యం డబ్బా వెనకనుంచి అట్టపెట్టె ఈడ్చుకొచ్చి ముందు పెట్టింది.

"ముందు తిను పాపా. తర్వాత రాద్దువు."

ముగ్గురూ ఆకుల ముందు కూర్చున్నారు. అడగకుండానే సెల్లమ్మ సుగంధి ఆకులో ఇంకో ఇడ్లీ వేసింది.