ఐదో తారీఖు నీళ్లు

మేకు బ్యాటరీలోకి సగం దిగింది. పొగ రాలేదు. తను చేసిన బ్యాటరీ మేకు దిగినా అంటుకోదని చూపించడానికి నరహరి రెండో మేకు కూడా దించి, కుర్చీలో కూర్చున్న అక్క కుసుమ వైపు గర్వంగా చూశాడు. ఆవిడ ఇంట్లో నానబెట్టి వచ్చిన పప్పు గురించి ఆలోచిస్తున్నట్టుంది.

అనంతపురంలో అప్పటికి కరెంటు స్తంభాలు పీకేసి ఆరేళ్లు. ఎవరి మిద్దె మీద వాళ్ల ప్యానెళ్లు, ఎవరి మెట్ల కింద వాళ్ల బ్యాటరీ. పెళ్లిచూపుల్లో కూడా మీది ఏ రకం బ్యాటరీ అని అడుగుతున్న రోజులు.

మూడు రకాలుండేవి. పాతకాలపు ట్యూబులర్‌లో సీసం పలకలు, ఆసిడ్ ఉంటాయి. కాలేజీలో ఆ ఆసిడ్ చుక్క పడి నా ఒక్కగానొక్క తెల్లచొక్కా చిల్లిపడింది. అది వేరే సంగతి. ఎండలకు అందులో నీళ్లు తగ్గుతాయి. ఎవరో ఒకరు వచ్చి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. లిథియానికి ఆ బాధ లేదు గానీ, మా వేడికి త్వరగా నీరసిస్తుంది. మూడోది నరహరి తయారుచేసిన సోడియం బ్యాటరీ. ముప్పై ఏళ్లు మూత తీయనక్కర్లేదు. పైగా దాని కంట్రోలర్ నలభై రోజుల్లో ఇంటివాళ్ల అలవాట్లు నేర్చుకుని, వేళకు లైట్లు, గీజరు, రేడియో తనే వేసి తనే ఆర్పుతుంది.

"దీనికి నీళ్లెవరు పోస్తారు?" అని అడిగింది కుసుమ.

"ఎవరూ పోయనక్కర్లేదక్కా. అదే దీని గొప్ప."

"అయితే నాకు పాతదే ఉండనీరా."

కుసుమ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ప్రతి నెలా ఐదో తారీఖు పొద్దున మస్తాన్ వలి డబ్బా భుజాన వేసుకుని ఆవిడ బ్యాటరీలకు నీళ్లు పోయడానికి వచ్చేవాడు. పని పది నిమిషాలు, కూర్చునేది గంట. ఉగ్గాని తినేవాడు. నా బ్యాటరీలకంటే నువ్వే ఎక్కువ తాగుతున్నావప్పా అంటూ ఆవిడ రెండో టీ పోసేది.

ఇదంతా నరహరికి తెలియదు. అక్కది మొండితనం అనుకున్నాడు. సోడియం కనిపెట్టినవాడి అక్క ఇంట్లో ఆసిడ్ డబ్బాలేమిటని నలుగురూ నవ్వుతున్నారని బతిమాలాడు. తమ్ముడి పేరు పోతుందంటే ఆవిడ ఒప్పుకుంది. పాత బ్యాటరీలు మోసుకెళ్లింది మస్తానే.

"ఇంక నాతో పనిలేదు గదమ్మా."

"టీ తాగడానికి పని కావాల్నా?" అంది కుసుమ.

తలూపాడు గానీ, మళ్లీ రాలేదు. పని లేకుండా ఒంటరి ఆడమనిషి ఇంటికి పోవడం అతనికి మొహమాటం.

మూడు నెలల తర్వాత నరహరి బెంగళూరులో ఉండగా అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. అతను మొబైల్‌లో ఆవిడ ఇంటి బ్యాటరీ చూశాడు. ఐదున్నరకు గీజరు, సాయంత్రం ఆరున్నరకు వరండా లైటు, ఏడింటికి రేడియో, అన్నీ వేళకు నడుస్తున్నాయి. అక్క అలిగిందిలే అనుకున్నాడు. ఇరుగుపొరుగు కూడా వెలుగు చూశారు, వార్తలు విన్నారు, ఎవరి పనిలో వాళ్లున్నారు.

పన్నెండో తారీఖు సాయంత్రం అతను వచ్చి తలుపు పగలగొట్టించాడు. ఆవిడ బాత్రూం గడప దగ్గర ఉంది. నాలుగో తారీఖు జారిపడి ఉంటుందని, తుంటి విరిగిందని, ఆ తర్వాత రెండు రోజులు ప్రాణంతోనే ఉందని డాక్టరు చెప్పాడు.

కబురు తెలిసి మస్తాన్ వచ్చాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఐదో తారీఖు నేనొస్తాంటి గద సార్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే లోపల రేడియో మోగింది. ఏడైంది.

ఇప్పుడు రాష్ట్రంలో సోడియం లేని ఇల్లు వెతికినా దొరకదు. ఒక్కటి మాత్రం ఉంది. నరహరి మెట్ల కింద నాలుగు ట్యూబులర్ బ్యాటరీలున్నాయి. ఆయనా ఒంటరివాడే. మొన్న మస్తాన్ ఒక్కొక్క మూతా తీసి చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"పోయిన నెల పోసిన నీళ్లు అట్లనే ఉండాయి సార్. ఇంకో రెండు నెలలు నాతో పనిలేదు."

నరహరి అప్పటికే రెండు గ్లాసుల్లో టీ పోశాడు.

"తెలుసప్పా," అన్నాడు. "ఐదో తారీఖు రా."