పసుపు గుర్తు

నాచారంలో ఉప్పలయ్య బండ్లు బాగుచేసే షెడ్డుకి, ఇంటికి మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ ఉదయం అతని భార్య మల్లవ్వ చాయ్ వడపోస్తుండగా చెంగిచెర్ల నుంచి ఆమె తమ్ముడు దుర్గేష్ ఆటోలో దిగాడు. వెంట అతను సరుకు తోలే ట్రాలీ బండి గేర్‌బాక్స్ ఉంది. నెల కిందట పాతదాన్ని పూర్తిగా విప్పి, అరిగిన సామాను మార్చి ఉప్పలయ్య ఇచ్చినదే అది.

బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు పెయింటు గుర్తు పెట్టడం ఉప్పలయ్య అలవాటు. గుర్తు చెదిరితే ఎవరో విప్పారని అర్థం. దాన్నే కూతురు హిమజ షరతుగా రాసి గోడకు అంటించింది: ఏడాది వారంటీ, బయట విప్పితే లేదు. ఇంజనీరింగ్ చదివి తండ్రి పక్కన స్పానర్ పట్టిన మొండిఘటం ఆమె.

దుర్గేష్ తెచ్చినదాని పైబోల్టుల మీద గుర్తు చెదిరింది. చప్పుడొస్తే దారిలో ఒక మెకానిక్‌తో పైమూత తీయించానని దాచకుండా చెప్పాడు. బండి కదలకపోతే అతని ఇల్లు గడవదు.

"వారంటీ రాదు మామా," అంది హిమజ.

మల్లవ్వకు ఒళ్లు మండింది. "నిన్ను సంకనేసుకుని తిప్పిన మామకు గోడ మీది కాయిదం సూపిస్తవా?"

"పోయిన వారం గిట్లనే గుర్తు చెదిరిన గేర్‌బాక్స్ తెచ్చిన పోచారమాయనకు గిదే చెప్పి పంపిన. మామకో లెక్క, ఆయనకో లెక్కనా అమ్మా?"

మల్లవ్వ పుట్టింటి పరువు దాకా వెళ్లింది. ఇద్దరి మధ్య నలగడం ఉప్పలయ్యకు కొత్త కాదు. వెళ్లిపోవడానికి లేచిన బావమరిదిని కూర్చోబెట్టి, "జర విప్పి సూడు బిడ్డా," అన్నాడంతే.

హిమజ విప్పింది. బేరింగ్ పక్కకు జరిగి గేరు పళ్లు అరిగిపోయాయి. బేరింగ్‌ను పట్టి ఉంచే రింగు గాడిలో సరిగా కూర్చోలేదు. లోపలి బోల్టుల మీద పసుపు గుర్తులు మాత్రం చెక్కుచెదరలేదు. అంటే బయటి చెయ్యి అక్కడిదాకా పోలేదు. నెల కిందట ఆ రింగు వేసింది తనే. ఆమె ముఖం వాడిపోయింది. పైగుర్తు చూపించి ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు.

"తప్పు నాది మామా. చుట్టరికానికి చేస్తలేను, ఇది నీ హక్కు. గోడ మీద రాసింది మారుస్త. ఎవలు విప్పినా ముందు మనం లోపల సూడాలె. పోచారమాయనను కూడ పిలుస్త. సూడకుండనే పంపిన."

దుర్గేష్ నవ్వాడు. "అక్కా, నీ బిడ్డ నా దగ్గర మొహమాటపడలే, తన తప్పు ఒప్పుకోనీకీ పడలే."

మల్లవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, చల్లారిన చాయ్ మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం బిగింపు పూర్తయ్యాక హిమజ పెయింటు డబ్బా తండ్రికి అందించింది. ఇన్నేళ్లలో ఆ గుర్తు ఇంకొకరిని పెట్టనివ్వలేదు ఉప్పలయ్య. కుంచె ముంచి ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వే పెట్టు బిడ్డా. ఇగ నీ మాట మీదనే పోతది బండి."

గర్వంతో ఆయన కళ్లు నిండాయి, దాచుకోలేదు. హిమజ మొదటిసారి పెట్టిన గుర్తు కాస్త వంకరగా పడింది. ఉప్పలయ్య దాన్ని సరిచేయలేదు.