ఇంజన్ ఆగని బండి

లచ్చవ్వ పోయిన రోజు కోరుట్లలో బస్సులు లేవు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. డిపో గేటు మూసి ఉంది, బడులు మూసి ఉన్నాయి. పొద్దున్నే బియ్యం చెరుగుతున్న లచ్చవ్వ చాట పక్కన పెట్టి, ఛాతీ మీద ఎవరో బరువు పెట్టినట్టుందని గోడకు ఆనుకుంది. భర్త లక్ష్మీరాజం నీళ్లు తెచ్చేసరికి ఆమె ముఖమంతా చెమట.

"రంజిత్, బండి తియ్యిరా!" అని ఆయన కొడుకును కేకేశాడు.

రంజిత్ అప్పటికే రేకుల షెడ్డులో ఉన్నాడు. తాళంచెవి తిప్పితే దీపాలు వెలిగాయి, ఇంజన్ మాత్రం పలకలేదు. ఆ జర్మనీ కారు అంతకుముందు కూడా ఒకసారి ఇలాగే మొండికేసింది. బండి తన తాళంచెవినే గుర్తుపట్టడం లేదని, హైదరాబాదు నుంచి మనిషి కంప్యూటర్ తెచ్చి సరిచేయాలని జగిత్యాల మెకానిక్కు చెప్పాడు. ఆ మనిషి సమ్మె అయ్యాక వస్తానన్నాడు. ఈలోగా అది దానంతట అదే స్టార్టయింది గనుక రంజిత్ ఊరుకున్నాడు.

108కు ఫోన్ చేస్తే మెట్‌పల్లి వైపు పోయి ఉందన్నారు. చివరికి వెనక వాడకట్టు పోచయ్య, దారిలో ఎవరూ ఆపకుండా ఆటోకు ఉద్యమ జెండా కట్టుకొని వచ్చాడు. మేడిపల్లి దాటుతుండగా లక్ష్మీరాజం చేతిలో ఉన్న భార్య చెయ్యి వదులైంది. ముందు కూర్చున్న కొడుకుతో ఆయన ఆ సంగతి చెప్పలేదు. జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరే చెప్పాడు.

లక్ష్మీరాజంది కల్లు గీయడానికి తాళ్లెక్కే కుటుంబం. ఆయన మాత్రం చిన్న వయసులోనే మోకు విడిచి గల్ఫు పోయి, అక్కడ స్టీరింగు పట్టుకున్నాడు. ఎడారిలో ఏళ్ల తరబడి జపాన్ బండ్లు నడిపాడు. అవి ఇసుకలో దిగబడ్డా లేచేవి, పట్టించుకోకపోయినా నడిచేవి. ఇంటికి వచ్చాక సంపాదన పెట్టి అలాంటిదే ఒకటి కొని పెద్దకొడుకు సురేశ్ చేతికిచ్చాడు. తేలికైన బండి, డీజిల్ తక్కువ తాగేది, మెకానిక్ షెడ్డు ముఖం చూసేది కాదు. ఒక రోజు సురేశ్ కిరాయికి ఎక్కినవాళ్లను ఎల్లారెడ్డిపేటలో దింపి సిరిసిల్ల వైపు తిరిగి వస్తుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

ఆ తర్వాత ఏడాదికి రంజిత్ పాత జర్మనీ కారు తెస్తానంటే ఇంట్లో నెల రోజులు గొడవ. సామాను దొరకదని, సర్వీసుకు పోయిన ప్రతిసారీ కిరాయిలన్నీ దానికే పెట్టాలని లక్ష్మీరాజం మొత్తుకున్నాడు. రంజిత్ కారణం చెప్పలేదు, వినలేదు. గల్ఫు పోయేవాళ్లను విమానాశ్రయంలో దింపుతూ ఆ బండి మీదే ఇల్లు నడుపుతున్నాడు.

మూడో రోజు ఊరి బయట పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి ముట్టే దాకా దూరంగా కూర్చుంటారు. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో మిగిలిపోయినట్టు; అది తీరుస్తామని అయినవాళ్లు పైకి మాట ఇవ్వాలి. అన్నం, మాంసం, చిన్న ముంతలో కల్లు పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వాలాయి గానీ కిందికి దిగలేదు.

ఎదురుచూపులో మాటలు బండ్ల మీదికి పోయాయి.

"మా తోడల్లుని కాడ జపాన్ బండున్నది అన్నా," అన్నాడు లక్ష్మీరాజం తమ్ముడు ఆగయ్య. "నూనె మార్చుడు, గాలి కొట్టుడు, గంతే. ఇయ్యాల అమ్మినా మంచి ధర పలుకుతది."

"మరి గీ జర్మనీదో?" ఎవరో అడిగారు.

"గది బండా? ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడు! కూసుండబెట్టి మేపాలె. అద్దం పలిగినా హైదరాబాదే, లైటు బుగ్గ మాడినా హైదరాబాదే."

ఇద్దరు నవ్వబోయి, ఎక్కడున్నారో గుర్తొచ్చి ఆపుకున్నారు. రంజిత్ తల ఎత్తలేదు.

"ఊకోండ్రిరా," అంది లక్ష్మీరాజం అక్క ముత్తవ్వ. "పిట్ట దిగుతలేదు. మర్దలు మనసుల ఏమున్నదో, ఎవలన్న మాటియ్యుండ్రి."

"తెలంగాణ అస్తది వదినే, బుగులు పడకు," అన్నాడు ఆగయ్య విస్తరి వైపు చూసి. కాకులు కదల్లేదు.

లక్ష్మీరాజం లేచాడు. మూడు రోజులుగా ఆయన కొడుకుతో మాట్లాడలేదు.

"దాని మనసుల ఏమున్నదో నాకెరుక. రంజిత్, ముందటికి రా. గా బండి అమ్ముత అని మీ అమ్మకు మాటియ్యి."

"అమ్ముత బాపు."

"నాకు కాదు, అమ్మకు చెప్పు. నా మొండితనంతోనే నువ్వు పోయినవని చెప్పు. నేను మొత్తుకోలేదారా? జపాన్ బండి తీసుకో, ఎన్నడు దగా చెయ్యదని చెప్పలే?"

రంజిత్ విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా... నా మొండితనంతోని..."

"అనకు," అంది అతని భార్య వనిత, ఆడవాళ్ల మధ్య నుంచి లేచి వస్తూ. "నువ్వు అనకు. మామా, గా బండి ఈయన సోకుకు కొన్నది కాదు. అత్తమ్మ కొనిపిచ్చింది."

"దానికి బండ్ల సంగతేం ఎరుక?"

"తలుపులు ఎరుక. హైదరాబాదుల బండ్లమ్మే కాడ ఒక్కొక్క దాని తలుపు తెరిచి, ఏసి చూసింది. గా జర్మనీ బండి కాడ ఆగి గిదే గావాలె అన్నది. బరువున్నది, గట్టిగున్నది అన్నది."

"మరి నాతోని అనలేదేంది?"

వనిత భర్త వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె ఆగలేదు.

"సురేశ్ బావ పోయిన నాడు మీరందరు ఉరికిండ్రు గదా. బండి రేకు డబ్బా లెక్క నలిగింది, ఇంజన్ మాత్రం నడుస్తనే ఉన్నది. ఎవలో చెయ్యి పెట్టి బంద్ చేసిండ్రు. అత్తమ్మ గదంత చూసింది. 'మీ మామకు ఇంజన్ ఆగని బండి గావాలె, నాకు పిల్లగాడు ఇంటికచ్చే బండి గావాలె' అన్నది. మామతోని అనద్దని మాతోని ఒట్టేపిచ్చుకున్నది. గా జపాన్ బండి ఏరికోరి తెచ్చింది ఆయనే, గీ మాట చెవుల పడితే మనిషి బతకడు అన్నది."

ఆ ఇంజన్‌ను ఆపింది లక్ష్మీరాజమే. నలిగిన రేకుల సందులోంచి చెయ్యి పోనిచ్చి తాళంచెవి తిప్పాడు. కొడుకు భుజం మోచేతికి తగిలింది. ఆ తర్వాత చాలాకాలం, నువ్వు తెచ్చిన బండే నా కొడుకును తిన్నదని భార్య ఎప్పుడంటుందా అని ఎదురుచూశాడు. ఛాయ్ గ్లాసు చేతికిచ్చినప్పుడు, పక్క పరిచినప్పుడు, సురేశ్ చొక్కాలు ఎవరికో ఇచ్చేసినప్పుడు. ఆమె అనలేదు. ఆ ఆలోచన ఆమెకు రాలేదనుకొని ఆయన నెమ్మది పడ్డాడు. ఆమె దాన్ని మింగి, ఆయనకు అన్నం వడ్డించిందని ఇప్పుడు తెలిసింది. ఆమె అంతకాలం దాచుకున్న అలాంటి మాటనే తాను మూడు రోజులు కూడా దాచలేదు. పది మందిలో, కొడుకు నోటితోనే అనిపించబోయాడు.

ఆయన రంజిత్ పక్కనే మట్టిలో కూలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి కొడుకు తల మీద కప్పాడు, ఎండ పడకుండా. ఇద్దరూ ఏడ్చారు. కాకి దిగలేదు. చాలాసేపు చూసి ఆగయ్య విస్తట్లోంచి అన్నం తీసి ఆవుకు పెట్టాడు.

సమ్మె ముగిసింది. హైదరాబాదు మనిషి రేపు వస్తానని ఫోన్ చేసిన పొద్దున రంజిత్ తండ్రి దగ్గరికి వచ్చాడు.

"బాపు, మాటిచ్చిన గదా. బాగు చేయించి అమ్మాల్నా?"

"ఉండనీ. మీ అమ్మ తెచ్చింది."

రంజిత్ అక్కడే నిలబడ్డాడు. ఇంకేదో మాట కోసం చూస్తున్నాడు. లక్ష్మీరాజానికి ఆ చూపు తెలుసు. నోరు తెరిచాడు.

"పొద్దెక్కింది. తిందువు రా," అన్నాడు.

మళ్లీ కిరాయిలు మొదలయ్యాయి. తండ్రీకొడుకులు ఒకే పూట, ఒకే చోట కూర్చొని తింటున్నారు. అమ్మ పోవడంలో నీ తప్పు లేదని లక్ష్మీరాజం రంజిత్‌తో ఇంకా చెప్పలేదు.