కింది హాలు శ్రోత

ఆ లైబ్రరీ కింది హాల్లో దీపాలు తీసేశాక ఎవరూ కూర్చోరు. అటెండరైతే ఊడ్చే పని గుమ్మం దగ్గరే ఆపేస్తాడు.

కారణం ఉంది. ఉచిత ఉపన్యాసం ఏది జరిగినా వచ్చి చివరి వరుసలో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒక సాయంత్రం ఆ కుర్చీలోనే పోయాడు. సభ ముగిసేదాకా ఎవరికీ తెలియలేదు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నారు... అప్పటినుంచి చీకటి పడితే వెనకనుంచి దగ్గు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

మా ఆడపడుచుకి ఇదంతా తెలుసు. నమ్మలేదు. ఆవిడకి పట్టిన దెయ్యం వేరు — తోడికోడలు.

ఆడపడుచుది అదే లైబ్రరీలో చిరిగిన పాత పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం. పుస్తకాల చరిత్ర మీద గురువారం గురువారం ఉచిత ఉపన్యాసాలు మొదలుపెట్టింది ఆవిడే. మొదట్లో పైహాల్లో ఆవిడ ఒక్కతే మాట్లాడేది. తర్వాత, కాలేజీలో పాఠాలు చెప్పే తోడికోడలు వచ్చి చేరింది. అదే చరిత్ర, అదే గురువారం, అదే వేళ. కాకపోతే ఆమె జనాన్ని నవ్విస్తుంది. పైహాలు ఆమెకి దక్కింది, ఈవిడ కిందికి దిగింది. వచ్చే ఏడు ఒక్కరినే ఉంచుతామనీ, జనం ఎటుంటే అటేననీ లైబ్రరీవాళ్ళు తేల్చి చెప్పేశారు.

"కింద చల్లగా హాయిగా ఉంటుంది కదక్కా," అంది తోడికోడలు ఒక గురువారం సాయంత్రం మెట్ల దగ్గర.

"ఆఁ. పైన నీకే ఉక్కపోత. అంతమంది ఊపిరి పీల్చాలి మరి."

"పోనీ, ఓ పదిమందిని కిందికి పంపించనా?"

ఆడపడుచు మెట్లు దిగింది. ఆవిడ మొగుడు కూడా పైనే కూర్చున్నాడు. కిందికొస్తే తమ్ముడు ఏమనుకుంటాడోనట.

తర్వాత జరిగింది ఆవిడ నాకు చెప్పినట్టే చెబుతాను.

కింద ఇద్దరే ఉన్నారు, వానకి తలదాచుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు. తెరమీద బొమ్మలు చూపించాలి కాబట్టి దీపాలు తీసేసింది. ఖాళీ కుర్చీల్ని చూడలేక తెర వైపే తిరిగి మాట్లాడటం ఆవిడకి అలవాటైపోయింది.

ఆ రోజు చేతిలో ఒక పాత పుస్తకం ఉంది. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి, కుట్టి, అంచులు కోయకుండానే అమ్మేవారు ఒకప్పుడు. కొన్నవాడు చాకుతో మడతలు చీల్చుకుంటూ చదువుకోవాలి. అలా ఎవరూ చీల్చని పుస్తకం అది.

"చూసి వెనక్కి అందించండి," అని ముందువాళ్ళకిచ్చి మళ్ళీ తెర వైపు తిరిగింది.

కొంతసేపటికి... వెనకనుంచి దగ్గు.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఇంకెవరో వచ్చారు. గొంతు పెంచింది.

పర్... పర్... అని సన్నటి చప్పుడు. కాగితం తెగుతున్నట్టు. ఆగి — మళ్ళీ పర్...

ఉద్యోగరీత్యా ఆ చప్పుడు ఆవిడకి బాగా తెలుసు. మామూలుగానైతే ఎగిరిపడేది. కానీ ఎవరో చదువుతున్నారు... తన మాట విని, పేజీ తర్వాత పేజీ. ఆపమనడానికి నోరు రాలేదు. అంత బాగా తానెప్పుడూ మాట్లాడలేదని ఇప్పటికీ చెబుతుంది.

ముగించి దీపం వేసింది.

హాల్లో ఎవరూ లేరు. వాన తగ్గగానే భార్యాభర్తలు వెళ్ళిపోయినట్టున్నారు. పుస్తకం చివరి వరుసలో, ఒక కుర్చీలో ఉంది. సగందాకా మడతలు చక్కగా చీల్చి ఉన్నాయి. చాకు మాత్రం ఆవిడ బల్లమీదే, ఒరలోనే ఉంది.

"పరిగెత్తావా?" అన్నాను.

"ఎందుకు వదినా? ఒక్కడైనా చివరిదాకా కూర్చున్నాడు."

మరుసటి గురువారం ఆవిడ పుస్తకాన్ని ముందే ఆ కుర్చీలో పెట్టి దీపం తీసేసింది. వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అయినా మొదలుపెట్టింది. చెవులు వెనకే ఉన్నాయి.

దగ్గు లేదు. చప్పుడు లేదు...

మాట్లాడి మాట్లాడి, మధ్యలో దీపం వేసి చూసింది. పుస్తకం పెట్టింది పెట్టినట్టే ఉంది. కొత్తగా ఒక్క మడతా తెగలేదు.

పైనుంచి ఘొల్లున నవ్వులు.

ఆవిడ మెట్లెక్కింది. పైహాలు కిటకిటలాడుతోంది. గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. కానీ మొదటి వరుసలో, తోడికోడలికి సరిగ్గా ఎదురుగా, ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

పక్కన నిలబడినాయన్ని మెల్లగా అడిగింది.

"అక్కడ ఖాళీయే కదండీ. వెళ్ళి కూర్చోకపోయారా?"

ఆయన ఆవిడని వింతగా చూశాడు.

"ఖాళీ ఏమిటమ్మా? ఎవరో పెద్దాయన కూర్చున్నారుగా... అదిగో, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు."

ఎంత చూసినా ఆవిడకి కుర్చీయే కనిపించింది.

ఇది చెబుతుంటే ఆడపడుచు భయపడిందనుకుని మంచినీళ్ళ గ్లాసు అందించాను. పక్కకి నెట్టేసింది.

"నా దగ్గర ఒక్కసారైనా నవ్వలేదు వదినా," అంది.