తెర మీద చందమామ

తెల్లారేవరకూ బాగానే తిరుగుతూ రొయ్యల చెరువుకి గాలి కొట్టిన ఏరియేటర్ చక్రాలు పొద్దెక్కాక ఒక్కసారిగా ఆగిపోయాయి. భూలక్ష్మి గట్టు మీద నిలబడి చెరువు వంక చూసింది. నీళ్ల మీద నురగ లేదు, చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం ఆ ఊళ్లో ఎవరికీ మంచిది కాదు. చక్రం తిరగకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. తేలిన రొయ్యని తిరిగి బతికించే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సముద్రం పొలాల్లోకి వచ్చి వరిని మింగేశాక కొత్తలంకలో మిగిలినవి ఈ ఉప్పు చెరువులే. ప్రతి చెరువుకీ కంప్యూటర్‌లో ఒక జంట చెరువు ఉంటుంది. బయటి చెరువులో సెన్సర్లు కొలిచిన వేడి, ఉప్పు, ఆక్సిజన్ లోపలి చెరువుకి చేరతాయి. అక్కడ బొమ్మ రొయ్యలు తింటాయి, పెరుగుతాయి, జబ్బు పడతాయి. బయట జరగబోయేది లోపల ముందే జరుగుతుంది గనక, ఎంత మేత వెయ్యాలో, ఎన్ని చక్రాలు తిప్పాలో జంట చెరువే ఆజ్ఞ ఇస్తుంది. మనుషులు భయంకొద్దీ చక్రాలు తిప్పి కరెంటు తగలేస్తున్నారని చెరువుల సంఘం వాళ్లు చేత్తో నొక్కే స్విచ్చులు పీకేశారు. మనిషి చెయ్యి కన్నా మెషీన్ మాటే నమ్మకమట. ఆ తీర్మానం చేసినవాళ్లలో ఒక్కరికీ చెరువు లేదన్నది వేరే సంగతి.

ఆ రోజు పొద్దున సంఘం పెన్‌డ్రైవ్‌లో పంపిన అప్‌డేట్‌ని భూలక్ష్మి మొగుడు తాతాజీ మెషీన్‌కి ఎక్కించాడు. అంతే, జంట చెరువు మూగబోయింది.

పగలు ఎండకి నీళ్లలోని నాచు కాస్త ఆక్సిజన్ ఇస్తుంది గనక చీకటి పడేదాకా గడువుంది. మధ్యాహ్నానికి పడవ మీద డాక్టర్ నళినీకాంత్ వచ్చాడు. జంట చెరువుని తయారు చేసినవాళ్లలో ఆయన ఒకడు. చొక్కాకి ఇస్త్రీ ఉంది గానీ ముఖానికి లేదు. అరుగు మీద కూర్చుని మెషీన్ తెరిచాడు.

"ఏమైందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి డాక్టరు గారూ. అర్థం కానట్టు చెప్పడానికి సంఘం వాళ్లు ఉన్నారు," అంది భూలక్ష్మి.

ఆయన నవ్వి, ఓపిగ్గానే చెప్పాడు. జంట చెరువు ప్రోగ్రాం పాతకాలం సిస్టంలోనే నడుస్తుంది. అందుకని కొత్త కంప్యూటర్ కడుపులో ఒక పాత కంప్యూటర్‌ని ఉత్తుత్తిగా సృష్టించి, అందులో పెట్టారు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. రెండింటికీ మధ్య గోడ. పక్కపక్క వాటాల వాళ్లు కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే గూడులాగా ఆ గోడలో ఒక్కటే కన్నం. దాని పేరు షేర్డ్ ఫోల్డర్. చెరువు లెక్కలు దాంట్లోంచే లోపలికి వెళ్తాయి, ఆజ్ఞలు దాంట్లోంచే బయటికి వస్తాయి. ఆ కన్నం దగ్గర కాపలాగా ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఇల్లు కొత్తదైంది, కాపలావాడు పాతవాడే. వాడికి కొత్త తలుపు తియ్యడం తెలియడం లేదు.

"కాపలావాణ్ణి మార్చకుండా ఇల్లు మార్చమన్న మహానుభావుడు ఎవరు?"

నళినీకాంత్ మెషీన్‌లోకి మరింత వంగాడు. ఆ మహానుభావుడు ఆయనేనని భూలక్ష్మికి అర్థమై, పోన్లే అని మజ్జిగ ఇచ్చింది.

కాపలా ప్రోగ్రాంని మళ్లీ కొత్తగా ఎక్కించేసరికి ఎండ వాలింది. ఫోల్డర్ కనబడింది, కానీ తెరుచుకోలేదు. నీకు అనుమతి లేదు పొమ్మంది. అనుమతి ఉన్నవాళ్ల గ్రూపులోంచి జంట చెరువు పేరు ఎగిరిపోయిందట. పెళ్లికి పిలిచి పందిట్లో అడుగు పెట్టనివ్వకపోవడమా అని భూలక్ష్మి రుసరుసలాడింది. ఆయన పేరు చేర్చి, పాత కంప్యూటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ లేపాడు. ఈసారి ఫోల్డర్ తెరుచుకుంది. లెక్కలు బిలబిలా లోపలికి వెళ్లాయి. చెరువులో రెండు చక్రాలు కదిలాయి. డాక్టరు ముఖానికీ కాస్త ఇస్త్రీ పడింది.

తాతాజీ ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆ మనిషి నోట మాట లేదు. ఇంట్లో కరెంటు పోయినా సంఘాన్ని తిట్టే మనిషి ఇవాళ అంత బుద్ధిగా ఎందుకున్నాడో భూలక్ష్మికి అప్పుడు తట్టలేదు.

అంతలో గట్టు మీది మేత డబ్బా గుర్రుమంది. జంట చెరువు ఆజ్ఞ తెర మీద పడింది: పూర్తి మేత, రెండు చక్రాలు చాలు.

భూలక్ష్మి ఒక్క ఉరుకున వెళ్లి డబ్బా మూతి కింద తట్ట పెట్టింది. మేత నీళ్లలో పడకుండా తట్టలో పడింది.

"ఇవాళ అమావాస్య," అంది వెనక్కి తిరక్కుండానే. "ఈ రాత్రి రొయ్య పెంకు విడుస్తుంది. మెత్తబడి, తిండి మాని, అడుగున పడుకుంటుంది. గాలి రెట్టింపు కావాలి. ఇప్పుడు మేతేస్తే అది కుళ్లి ఉన్న గాలి కూడా తినేస్తుంది. తెల్లారేసరికి చెరువంతా శవాలే. ఇంతమాత్రం మీ బొమ్మ చెరువుకి తెలీదా?"

"తెలుసమ్మా. తిథిని బట్టే లెక్క కడుతుంది," అన్నాడు నళినీకాంత్ గాబరాగా.

ఆమె వచ్చి తెరలోకి చూసింది. జంట చెరువు బొమ్మ మీద మూలగా, ఆ రోజు చంద్రుడు ఎంతున్నాడో అంత చూపించే గుర్తు ఒకటి ఉంటుంది. అక్కడ ముప్పాతిక చందమామ వెలుగుతున్నాడు.

"అమావాస్య నాడు ఈ చందమామ ఎక్కణ్ణించి వచ్చాడు?"

భూలక్ష్మి మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"బావా, పొద్దున్న ఏం చేశావ్?"

తాతాజీ కండువా సర్దుకున్నాడు. అప్‌డేట్ ఇవాళే ఎక్కించాలని సంఘం వాళ్లు పట్టుబట్టారు. అమావాస్య నాడు కొత్త పని మొదలెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. సంఘానికీ కోపం రాకూడదు, తిథికీ కోపం రాకూడదు. అందుకని ముందు మెషీన్‌లో తారీకుని పది రోజులు ముందుకి జరిపాడు.

"దశమికి మార్చి నొక్కానే," అన్నాడు. "దశమి మంచిదని."

కంప్యూటర్ వైరస్సులు వస్తాయని ఆ మెషీన్‌కి బయటి ప్రపంచంతో సంబంధం పెట్టలేదు. తారీకు తప్పని దానికి చెప్పేవాళ్లు లేరు. కొత్త కాపలావాడు వచ్చీ రాగానే ఇంటి గడియారం చూసి లోపలివాడికి అదే తారీకు అందించాడు. రొయ్యలు పెంకు విడిచి, గట్టిపడి, ఆకలితో ఉన్నాయని జంట చెరువు మనస్ఫూర్తిగా నమ్మింది.

"అమావాస్యని తెర మీంచి చెరిపేశావు సరే," అంది భూలక్ష్మి. "చెరువులోంచి ఎవడు చెరుపుతాడు? రొయ్యకి నువ్వు చెప్పావా, ఇవాళ దశమి, పెంకు విడవకు అని?"

నళినీకాంత్ తలవంచుకుని తారీకు సరిచేశాడు. పాత కంప్యూటర్‌ని మళ్లీ ఆపి లేపాడు. తెర మీద చందమామ మాయమై నల్లటి చుక్క మిగిలింది. మేత డబ్బా నోరు మూసుకుంది. ఒక్కొక్కటిగా చక్రాలన్నీ తిరగడం మొదలెట్టాయి. నీళ్లు తెల్లగా నురగ కట్టాయి. దీపాలు పెట్టే వేళకి ఆ చప్పుడు ఊరంతా వినపడింది. భూలక్ష్మి అప్పుడు కూర్చుంది, పొద్దున్నుంచీ మొదటిసారి.

"మీకేం కావాలో అడగండమ్మా," అన్నాడు డాక్టరు, పడవ ఎక్కబోతూ.

"నా స్విచ్చు నాకు కావాలి. మీ మెషీన్ మీద నాకు కోపం లేదు. పాపం దాని కళ్లు మూసింది మనుషులే. అది తడబడినప్పుడు నా చెయ్యి ఆడాలి."

స్విచ్చు వచ్చింది. ఒక్క భూలక్ష్మికే కాదు, ఊళ్లో ప్రతి గట్టు మీదకీ వచ్చింది. పెంకు గట్టిపడిన రొయ్య, ఎదుగుదల చూడ్డానికి నీళ్లలో దించే చెక్ ట్రేలో టపటపా ఎగిరింది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి నాడు సంఘం వాళ్లు కూడా వచ్చి చెరువు పక్కన నిలబడి ఫోటో దిగారు.

నళినీకాంత్ ఇంకో మార్పు కూడా చేశాడు. పెంకు విడిచే వేళ చెరువుకి ఒక్క క్షణం గాలి ఆగినా ప్రమాదం గనక, ఆ రోజుల్లో అప్‌డేట్ ఒప్పుకోవద్దని మెషీన్‌కి నేర్పాడు. శాస్త్రప్రకారం అది సరైన జాగ్రత్తే.

చెరువులో మళ్లీ రొయ్య పిల్లల్ని వేశాక, తర్వాతి అప్‌డేట్ కూడా అమావాస్య నాడే వచ్చింది. తాతాజీ నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: ఈ రోజు అమావాస్య. కొత్త పని వాయిదా.

తాతాజీ గట్టు గట్టుకీ కబురంపాడు. వచ్చినవాళ్లందరికీ టీ పోయించి మరీ తెర చూపించాడు. ఇంత చదువుకున్న మెషీన్ కూడా తిథి చూస్తోంది, మా ఇంటావిడే నమ్మలేదు అని చెప్పుకున్నాడు. రొయ్య పెంకు విడిచే పౌర్ణమి నాడు కూడా అది అప్‌డేట్ ఒప్పుకోదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కబురు తెలిసి, ఆ మాటలు తానే రాశానే అని నళినీకాంత్ తల పట్టుకున్నాడట.

భూలక్ష్మి తెర వంక చూసింది, మొగుడి వంక చూసింది. నవ్వు ఆపుకుంటూ, కొత్త పెంకుకి బలమిచ్చే మినరల్స్ కలిపిన బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కొత్త పని వద్దంది, బావా. పాత పని మానమనలేదు. రాత్రికి రొయ్య పెంకు విడుస్తుంది. బకెట్ పట్టు."